మడమ జాడ

మా పేటలో మనిషి ముఖం చూడక్కర్లేదు, ఇసకలో అడుగు చూస్తే చాలు. ఎవరు ఇటు వెళ్లారో, వెళ్లి ఎంతసేపయిందో, నెత్తిన చేపల గంప ఉందో లేదో కూడా చెప్పేస్తారు. భోగాపురానికి తూర్పున, సరుగుడు తోటలకీ సముద్రానికీ మధ్య ఉన్న పల్లిపేట మాది. రోడ్డు దిగితే అంతా ఇసకే. వాకిలి ఇసక, వీధి ఇసక, గాలి వీచిన రోజు అన్నంలోనూ ఇసకే. అందుకని అడుగులు చదవడం మాకెవరూ నేర్పలేదు, చూస్తూ చూస్తూ వచ్చేసింది.

అందరి అడుగుల్లోకీ తేలిగ్గా పోల్చుకునేది నాది. కుడికాలు నిండుగా పడుతుంది. ఎడమకాలికి వేళ్లూ ముందరి పాదమూ తప్ప మడమ పడదు. రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. తొడ నుంచి కిందకి కాలు సన్నబడిపోయింది, మడమ పైకి లాగేసింది. 'హరిబాబు ఇటెళ్లాడు' అని చంటిపిల్లలు కూడా ఇసక చూసి చెప్పేస్తారు. దొంగతనానికి నువ్వు పనికిరావురా అని మా బావ ఎల్లాజీ ఎన్నోసార్లు అన్నాడు. పనికొచ్చేవాడివి నువ్వున్నావుగా, వెళ్లి చేసుకో అని నేనూ అన్నాను. నాకు నోరెక్కువ. సముద్రం మీద వేటకి వెళ్లలేనివాడికి ఆ నోరైనా లేకపోతే మా పేటలో నిలవనివ్వరు. నేను వలలు కుడతాను. ఎవరి వల చిరిగినా నా పాకలోకే రావాలి, వచ్చినవాడు నా నాలుగు మాటలూ పడే వెళ్లాలి.

ఇది హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడాది సంగతి. వానాకాలం. పెద్దవాళ్లంతా ఎయిర్‌పోర్టుకి ఎవరి భూములు పోతాయో అని రచ్చబండలు పెట్టుకుని అరుచుకుంటుంటే, బడిలో పిల్లలకి వరసపెట్టి జ్వరాలు తగిలాయి. మా హేమ రెండో తరగతి. దానికీ వచ్చింది. ఒళ్లు పెనంలా కాలడం, దగ్గు, ముక్కు కారడం, ఒళ్లంతా నొప్పులు. భోగాపురంలో చూపిస్తే ఫ్లూ జ్వరమన్నారు, మందిచ్చారు, నీళ్లు బాగా తాగించమన్నారు. నాలుగు రోజులు దాన్ని అంటిపెట్టుకుని కూర్చున్నాం. ఒక సాయంత్రం జ్వరం దిగిపోయి, చారన్నం వద్దు, నెత్తళ్ల ఇగురు కావాలని పేచీ పెట్టింది. పేచీ పెట్టిందంటే కోలుకున్నట్టే అని మా ఆవిడ నూకరత్నం నవ్వింది. ఆ మర్నాడు చీకటితోనే గంప ఎత్తుకుని సంతకి వెళ్లింది కూడా.

మా అమ్మ కూర్మమ్మకి ఒక అలవాటుంది. ఎవరూ లేవకముందే లేచి, ఈనెల చీపురుతో వాకిట్లో ఇసకంతా నున్నగా ఊడ్చి, నీళ్లు చల్లి, అప్పుడు కుళాయికి వెళ్తుంది. ఆమె ఊడ్చిన వాకిట్లో కోడి నడిచినా తెలిసిపోతుంది. ఆ రోజు రత్నం వెళ్లాక వాకిలి ఊడ్చి, అమ్మ కుళాయి దగ్గర ఉండగా హేమ లేచి, దడి చాటుకి వెళ్లి వచ్చి మళ్లీ పడుకుంది. అమ్మ బిందెతో తిరిగొచ్చింది. బిందె కిందపడిన చప్పుడుకి నేను బయటికొచ్చాను.

అమ్మ వాకిట్లో గొంతుకూర్చుని నేలకేసి చూస్తోంది. చల్లిన నీటికి ఇసక ఇంకా తడిగానే ఉంది. గుమ్మం నుంచి దడి దాకా, దడి నుంచి గుమ్మం దాకా, చిన్న చిన్న అడుగులు. రెండు కాళ్లవీ వేళ్లే. ఎక్కడా మడమ లేదు.

ఆటకి మునివేళ్ల మీద నడిచి ఉంటుంది, దానికేం అనబోయాను. అమ్మ ముఖం చూసి ఆగిపోయాను. లోపలికెళ్తే హేమ మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. కాళ్లు నొప్పెడుతున్నాయంది. పిక్క మీద చెయ్యి వేశానో లేదో కెవ్వుమని కాళ్లు లాక్కుంది. నెమ్మదిగా లేవదీసి నిలబెట్టాను. నా భుజం పట్టుకుని, మోకాళ్లు వంచకుండా, కర్రలు కట్టినట్టు రెండడుగులు వేసింది.

"మడమ దించమ్మా."

"దిగట్నేదు నాన్నా."

గుండెల్లో రాయి పడింది. ఎందుకో చెప్పాలంటే మా ఇంట్లో రోజూ విన్న కథ ఒకటి చెప్పాలి. నాకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది. తగ్గిన మర్నాడు పొద్దున్న కాలు లేదు. ఇదే వరస. పట్నంలో ఎవరో డాక్టరుకి చూపిస్తే, తగ్గిపోతుంది, ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టమ్మా అన్నాడట. అమ్మ నమ్మింది. తీసుకొచ్చి పడుకోబెట్టింది. ఆ తరవాత బతుకంతా ఆ ఒక్క మాట చెప్పుకునే ఏడ్చింది. కాలుని పడుకోనిచ్చాను, అందుకే చచ్చిపోయింది అని. ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లిచ్చే ముందు ఈ ముక్క చెప్పేది. నేను విసుక్కునేవాణ్ని, అరిచేవాణ్ని. కానీ విన్న మాట ఊరికే పోదు. పడుకున్న కాలు చచ్చిన కాలు అని నా లోపల కూడా ఎక్కడో రాసి ఉంది.

ఎల్లాజీకి ఆటో ఉంది. ఫోన్ చేస్తే, మా ఆవిణ్నీ మిగతా ఆడవాళ్లనీ సంతలో దింపానని, రత్నాన్ని ఎక్కించుకుని వెంటనే వచ్చేస్తానని అన్నాడు. మా వీధిలోకి ఆటో రాదు, ఇసకలో దిగబడుతుంది. పిల్లని అమ్మకి అప్పగించి, రోడ్డు దాకా వెళ్లి కాలుకాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాను. ఆటో ఎంతకీ రాలేదు. పిల్లని రోడ్డు మీదకే తెచ్చి ఉంచుదామని వెనక్కొస్తే ఇంట్లో ఇద్దరూ లేరు.

వాకిట్లో అడుగులు చూశాను. అమ్మవి. మడమలు లోతుగా దిగబడి ఉన్నాయి, అంటే చంకలో బరువుంది. సముద్రం వైపు వెళ్లాయి. ఎక్కడికెళ్లిందో, ఎందుకెళ్లిందో అప్పుడే తెలిసిపోయింది.

మా వాళ్లలో నడక ఆలస్యమైన పిల్లల్ని ఒడ్డున గొయ్యి తవ్వి తొడల దాకా నిలబెడతారు. చుట్టూ తడి ఇసక కూరి గట్టిగా తడతారు. ఎండకి ఇసక వెచ్చబడి కాళ్లకి సత్తువ పడుతుందని నమ్మకం. నన్ను అయిదేళ్లొచ్చేదాకా అమ్మ అలా నిలబెట్టింది. అదొక్కటీ నాకు బాగా గుర్తుంది. నీళ్లు సరిగ్గా నా కళ్లకి ఎదురుగా ఉండేవి, తోటి పిల్లలు నా ముందు నుంచే పరిగెత్తుతుండేవాళ్లు. వాళ్ల మీద కోపంతో ఇసక విసిరేవాణ్ని. నా నోరు ఇంత పదునెక్కింది ఆ గోతిలోనే అని ఎల్లాజీ అంటాడు, అది మాత్రం నిజం.

వెళ్లేసరికి హేమ గోతిలో ఉంది. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఇసక కూరుతోంది. పిల్ల పెనుగులాడటం లేదు. మామ్మ మెడ చుట్టూ చేతులు వేసి, నొప్పి మామ్మా, నొప్పి మామ్మా అని సన్నగా ఏడుస్తోంది. ఆమె కూడా ఏడుస్తూనే కూరుతోంది.

నాకు ఒళ్లు తెలియలేదు. "నన్ను కప్పెట్టింది సాల్నేదేటి, దీన్ని కూడా కప్పెడతావా?" అన్నాను.

అమ్మ ఎప్పుడూ నా మాటకి రెండు మాటలు అంటించేది. ఆ రోజు చేతినిండా తడి ఇసకతోనే నా వైపు తిరిగింది. నెమ్మదిగా అంది. "అప్పుడు నాను ఆలీసెం సేసినాన్రా అబ్బి. ఇప్పుడూ ఆలీసెం సెయ్యమంటావా?"

వంగి రెండు చేతులతో ఇసక తోడాను. అమ్మ కూడా తోడింది. పిల్లని బయటికి లాగి ఎత్తుకోబోయాను గానీ, మెత్తటి ఇసకలో నా కాలుతో ఆ బరువు మొయ్యలేను, పడతాను. అది ఆమెకీ తెలుసు. నా చేతుల్లోంచి పిల్లని తీసుకుని నడిచింది. అంత మాట అన్న నేను ఆవిడ వెనకాలే కుంటుకుంటూ వెళ్లాను.

రత్నం అమ్ముడుపోని చేపల గంపతో సహా ఆటోలో వచ్చేసింది. అమ్మ కూడా ఎక్కింది. విజయనగరం ఆసుపత్రి దాకా రత్నమే పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మా ఇంట్లో మాట పొదుపు ఆవిడదే. దారిలో ఒక్కసారే నా వైపు తిరిగింది.

"మావా, మన గుంట నడుస్తాదా?"

ఎల్లాజీ అద్దంలోంచి మమ్మల్ని చూసి ఆటో ఇంకాస్త తొందరగా పోనిచ్చాడు.

పిల్లల డాక్టరు షాలిని గారి సొంతూరు బొబ్బిలి. బాప్టిస్టు చర్చి వాళ్ల కుటుంబం. గదిలో గోడకి ఏసుప్రభువు వాక్యం రాసిన క్యాలెండర్, దాని కింద పిల్లల కోసం చిలకల బొమ్మలు. ఆవిడకి నా వయసే ఉంటుంది. గొంతు పైకి లేవదు. చేపల వాసనతో నలుగురం ఒక్కసారి లోపలికి జొరబడితే నర్సు ముక్కు చిట్లించింది గానీ ఆవిడ చిట్లించలేదు.

జ్వరం ఎప్పుడొచ్చింది, ఎప్పుడు తగ్గింది అని అడిగింది. ఒంటేలు టీ డికాషన్ రంగులో ఏమైనా వచ్చిందా అంది. లేదంది రత్నం. హేమ పిక్కల్ని రెండు వేళ్లతో మెల్లిగా ఒత్తి చూసింది. పాదానికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఆటో బ్రేకు తొక్కినట్టు తొక్కమంది. హేమ ముఖం ముడుచుకునే గట్టిగా తొక్కింది. తరవాత రబ్బరు సుత్తి ఒకటి తీసి మోకాలి చిప్ప కింద టక్కున కొట్టింది. కాలు దానంతటది ఎగిరింది. రెండోదీ ఎగిరింది. పొద్దుటి నుంచి మొదటిసారి హేమ నవ్వింది. మళ్లీ కొట్టమంది.

రక్తం తీయించి, రిపోర్టు వచ్చాక మమ్మల్ని పిలిచింది. కండరాల్లోంచి రక్తంలోకి దిగే సరుకు ఒకటి ఉంటుందట, అది బాగా పెరిగిందంది. తను అనుకున్నట్టే ఉందంది. ఫ్లూ వెళ్లిపోతూ వెళ్లిపోతూ కొందరు పిల్లల పిక్కల్ని ఇలా పట్టుకుంటుందట. జ్వరం దిగాక, పొద్దున్న లేవగానే, రెండు కాళ్లూ. మడమ దించితే పిక్క సాగి నొప్పెడుతుంది కాబట్టి పిల్లలు మునివేళ్ల మీద నడుస్తారట. మందు పెద్దగా ఏమీ అక్కర్లేదు. నడిపించొద్దు, మర్దనా చెయ్యొద్దు, సాగదీయొద్దు. నీళ్లు బాగా పట్టించండి, హాయిగా ఉందంటే గోరువెచ్చని గుడ్డ వెయ్యండి. ఒంటేలు నల్లబడినా, కాళ్లలో పట్టు తప్పినా, ఆయాసం వచ్చినా మాత్రం ఒక్క క్షణం ఆగకుండా రండి. ఇదంతా చెప్పి చివర అంది, "వారం లోపు తగ్గిపోతుంది. ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టండి."

నేను లేచి నిలబడ్డాను. ఎడమకాలి ప్యాంటు మోకాలి పైదాకా లాగి, ఆ కాలు తీసి ఆవిడ ముందున్న స్టూలు మీద పెట్టాను. నర్సు అడ్డం రాబోయింది.

"ఇదే మాట మా యమ్మకీ సెప్పినారండీ. ఇదిగో, తగ్గిపోయిన కాలు. సూడండి."

రత్నం నా చొక్కా పట్టుకుని లాగింది. డాక్టరుకి కోపం రాలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి, నా కాలు దగ్గర వంగి, హేమ పిక్కని చూసినంత శ్రద్ధగానూ చూసింది. కూర్చోమంది. కూర్చున్నాను. సుత్తితో నా కుడి మోకాలు కొట్టింది, ఎగిరింది. ఎడమది కొట్టింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ కొట్టింది. లేదు. సుత్తి నా చేతిలో పెట్టి, మీ అమ్మాయి మోకాలు మీరే కొట్టి చూడండి అంది.

కొట్టాను. హేమ కాలు ఎగిరి నా పొట్టలో తగిలింది. అది పకపకా నవ్వింది. రెండోది కొట్టాను. అదీ తగిలింది.

"పోలియో కాలు పిలిస్తే పలకదండీ," అంది డాక్టరు. "మీ అమ్మాయి కాళ్లు పలుకుతున్నాయి. నొప్పితో ఉన్నాయి, అంతే."

తలుపు దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మ అప్పుడు నోరు విప్పింది. అడగడానికి ఎంతకాలంగా ఆగిందో, మాట తడబడింది. "నాను పడుకోబెట్టినాను తల్లీ. ఆ డాట్రు సెప్పినాడని పడుకోబెట్టినాను. అందుకేనా, ఆడి కాలు అలగయిపోనాది?"

షాలిని గారు ఆమె ముందు నేల మీద గొంతుకూర్చుంది. "కాదమ్మా. పడుకోబెట్టినా, నిలబెట్టినా, ఎత్తుకుని తిరిగినా ఆ కాలు అలాగే అయ్యేది. ఆ జబ్బు నరాలనే తినేసింది. మీరు చేసినదాని వల్ల కాదు, చెయ్యనిదాని వల్లా కాదు."

"గోతిలో కూడా ఎట్టినాను."

"గొయ్యి వల్లా కాదు."

అమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుంది. నేను చిలకల బొమ్మల వైపు చూస్తూ నిలబడ్డాను. ఏమాటకామాటే చెప్పాలి, నాకు ఆవిడ మీద జాలేసింది, అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. ఈ నాలుగు ముక్కలు ఇన్నేళ్లలో ఎవడూ ఆవిడకి చెప్పలేదేమని. నేనైనా ఎవర్నీ అడగలేదేమని.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. ఏమీ చెయ్యకుండా ఉండటం. అంత కష్టమైన పని నేను ఎప్పుడూ చెయ్యలేదు. నా పాకలోనే చాప పరిచి హేమని పడుకోబెట్టాం, నేను పక్కనే కూర్చుని వల కుట్టేవాణ్ని. పేటంతా వరసగా వచ్చింది. నువ్వులనూనె రాయమని ఒకరు, వాయిలాకు కట్టమని ఒకరు, పట్టి లాగితే పట్టు వదులుతుందని ఒకరు. వీళ్లందరికీ కాపలా ఎవరనుకున్నారు, మా అమ్మే. చీపురు ఒళ్లో పెట్టుకుని పాక గుమ్మంలో బైఠాయించింది. పిల్ల కాళ్ల మీద చెయ్యి వేస్తే ఆ చేతులు విరగ్గొడతానంది. గొయ్యి తవ్విన ఆవిడ చేతులే ఇప్పుడు కాపలా కాస్తున్నాయి. నోరు నాకు ఎక్కణ్నుంచి వచ్చిందో పేటకి ఆ రోజు గుర్తొచ్చి ఉంటుంది.

రత్నానిది వేరే డ్యూటీ. హేమని దడి చాటుకి ఎత్తుకెళ్లి తెచ్చినప్పుడల్లా, తెల్లగానే ఉన్నాది మావా, అని నాకు వినబడేలా చెప్పేది. వినబడేలా అంటే సగం పేటకి వినబడేది. హేమకి సిగ్గేసి తల్లి నోరు మూసేది.

నవ్వుకున్నాం గానీ భయం పోలేదు. నా కళ్లు ఎంతసేపూ దాని అరికాళ్ల మీదే. పడుకున్నప్పుడు మడమలు ఎటున్నాయి, నిన్నటికన్నా దిగాయా, అదే లెక్క. హేమకి మాత్రం ఒక కొత్త ఆట దొరికింది. నేను వల కుట్టే సూది వెనక్కి తిప్పి పట్టుకుని తన మోకాలు కొట్టుకునేది, ఎగరగానే పలికింది అనేది. తరవాత జరిగొచ్చి నా ఎడమ మోకాలు కొట్టేది. కాసేపు చూసేది. నాన్న కాలు ఇయాళ కూడా పలకనేదు అని మామ్మకి చెప్పేది. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే నా నోట పడి లేచేవాళ్లు కారు.

ఒక మధ్యాహ్నం పాకలో ఎవరూ లేరు. అమ్మ అన్నానికి వెళ్లింది. హేమ మెలకువగానే ఉంది. డాక్టరు చెప్పింది నిజమే, సుత్తి చెప్పింది నిజమే, కానీ పడుకున్న కాలు చచ్చిన కాలు అన్న మాట నన్ను తొలిచేస్తోంది. ఒక్కసారి నిలబెట్టి చూస్తే ఏం పోయింది అనిపించింది. చంకల్లో చేతులు వేసి మెల్లిగా పైకెత్తాను. వేళ్లు నేలకి తగలగానే దాని ముఖం ముడుచుకుంది.

"కదపొద్దని డాక్టరమ్మ సెప్పినాది కదా నాన్నా. కదిపితే తగ్గదు."

ఎంత నిబ్బరంగా అందో. దానికి ఆవిడ మాట మీద నమ్మకం ఉంది, నాకే లేదు. మళ్లీ చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాను. సూది తీసుకున్నాను గానీ ఆ పూట ఒక్క ముడి సరిగ్గా పడలేదు.

ఆ తరవాత ఒక పొద్దున్న మెలకువ వచ్చేసరికి ఏదో లోటుగా అనిపించింది. ఏమిటా అని చూస్తే చీపురు చప్పుడు లేదు. వాన పడినా, జ్వరం వచ్చినా, మా నాన్న పోయిన మర్నాడు కూడా ఆ చప్పుడు ఆగలేదు. పక్కన చాప చూశాను. ఖాళీగా ఉంది. గుమ్మంలోకి ఎలా వచ్చి పడ్డానో నాకే తెలియదు.

అమ్మ దడి దగ్గర నిలబడి ఉంది. చీపురు చంకలోనే ఉంది. వాకిలి ఊడవలేదు. నన్ను చూసి గడ్డంతో నేలకేసి చూపించింది.

రాత్రి వాన జల్లుకి ఇసక నున్నగా అయి ఉంది. దాని మీద గుమ్మం నుంచి చిన్న చిన్న అడుగులు. వేళ్లు, పాదం, మడమ. కుడికాలికి మడమ, ఎడమకాలికి మడమ. రేగుపండు పట్టేంత చిన్న గుంటలు. వంగి ఒకదాంట్లో వేలు పెట్టి చూశాను. నిజంగానే ఉంది. మొదట దగ్గర దగ్గరగా పడ్డాయి. దడి దాటాక ఎడం పెరిగింది. ఇంకొంచెం అవతల ఇంకా ఎడం. అడుగులు చదవడం తెలిసినవాణ్ని కదా, అది పరుగని నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఆ జాడ చెడకుండా పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లాను. ఒడ్డున వేటనుంచి వచ్చిన బోటు దగ్గర రత్నం చేపలు ఏరుతోంది. హేమ తల్లి చుట్టూ తిరుగుతోంది. నన్ను చూడగానే, నాన్నా అంటూ రెండు కాళ్లతోనూ పరిగెత్తుకొచ్చింది. నేను అక్కడే తడి ఇసకలో చతికిలబడ్డాను. ఏడ్చాను, చెప్పడానికి సిగ్గెందుకు. బోటు మీద వాళ్లంతా చూస్తున్నారు. రత్నం మాత్రం చేపల చేతులతోనే నా కళ్లు తుడిచి, ఇక చాలు లెమ్మంది.

ఇంటికొచ్చాక హేమ నన్ను చెయ్యి పట్టుకుని పాకలోకి లాక్కెళ్లింది. తన చాప దులిపి పరిచింది. దిండు సర్దింది. చాప మీద చేత్తో తట్టి, ఇప్పుడు నీ వంతు, తొంగో అంది. నాకేం వంతు అన్నాను.

"నువ్వెప్పుడూ తొంగోవు. రోజంతా కుంటుకుంటూ తిరుగుతావు. అందుకే నీ కాలు తగ్గనేదు."

"నాది పాతది తల్లీ. తగ్గేది కాదు," అన్నాను.

హేమ చాప మీద మళ్లీ తట్టింది. "పాతదైతే ఎక్కువ రోజులు తొంగోవాలి," అంది.

కుట్టాల్సిన వలలు గుట్టపడి ఉన్నాయి. పొద్దెక్కుతోంది. నేను పడుకున్నాను. హేమ గిన్నెలో గుడ్డ ముంచి పిండబోయింది, దాని చేతులకి పట్టు చాల్లేదు, నీళ్లు కారిపోతున్నాయి. గుమ్మంలోంచి అమ్మ చూస్తోంది. కాసేపు అక్కడే తటపటాయించి, చీపురు గోడకి ఆనించి లోపలికొచ్చింది. నీళ్లు చల్లారిపోయాయని వెళ్లి వేడినీళ్లు తెచ్చి కలిపింది. గుడ్డ తీసుకుని పిండింది. మీసాలు మొలిచిన దగ్గర్నుంచీ ఆ కాలు నేను ఆవిణ్ని ముట్టుకోనివ్వలేదు. ముట్టుకుంటే ఏడుస్తుంది, ఏడిస్తే నాకు కోపం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఒకసారి నా ముఖంలోకి చూసింది. నేనేమీ అనకపోయేసరికి, గుడ్డ తెచ్చి ఎండిపోయిన పిక్క మీద వేసి, దాని మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఉంచేసింది. ఏడవలేదు.

"కాల్తన్నాదేటిరా?"

"నేదమ్మా. బాగున్నాది."

నా కాలు కొంచెం కదిలినట్టుంది. హేమ వెంటనే మోకాలు పట్టుకుంది.

"కదపకు నాన్నా. కదిపితే తగ్గదు."

నేను కదపలేదు.